అది పొట్టేలు మాంసం కాదు

గుంటూరు,
16 జూన్ 2024.

నాన్నకు వందనాలు.

ఫోన్ చేస్తే నీకు సగం వినపడదు. వినపడని సగానికి నవ్వి ఊరుకుంటావు. అందుకే మళ్ళీ కాగితం తీశాను. ఇరవై ఏళ్ళు క్వారీలో డ్రిల్లు పట్టుకుని రాయి తొలిచిన చెవులకి ఉత్తరమే సుఖమని నువ్వే అన్నావు కదా.

బడి తెరిచారు. ఈ ఏడాది కూడా తొమ్మిది, పది తరగతుల ఫిజిక్స్ నాదే. పోయినవారం మా ప్రిన్సిపాల్ గారు రిటైరయితే టీచర్లందరినీ విజయవాడలో ఒక పెద్ద హోటల్‌కి తీసుకెళ్ళారు. నా పక్కన లెక్కలు చెప్పే యాస్మిన్ కూర్చుంది. తనే మెనూలో 'బఫ్ స్టేక్' అన్న పేరు మీద వేలు పెట్టి, ఇది చెప్పుకుందామా అని అడిగింది. సరేనన్నాను.

పళ్ళెంలో ఒకటే ముక్క వచ్చింది. రెండు వేళ్ళ మందం ఉంది. పైన నల్లగా, నిగనిగలాడుతూ ఏదో పూత. కోసి నోట్లో పెట్టుకున్నాను. ముందు తీపి తగిలింది, దాని వెనకే పులుపు, ఉప్పు, మింగాక కారం. నాన్నా, నేను ఫోర్క్ కింద పెట్టేశాను. అది నువ్వు చీమకుర్తిలో రాతి పలక మీద కాల్చే పెద్దకూర. అదే బెల్లం, అదే గేదె మాంసం. పేటలో మనం పెద్దకూర అంటాం, వాళ్ళు స్టేక్ అంటున్నారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తలా ఒక ముక్క అడిగి తిన్నారు. చికెన్ తప్ప ముట్టననే సోషల్ మాస్టారు కూడా రుచి చూసి, సాస్ భలే ఉందన్నాడు. నేను చిన్నప్పుడు అదే కూర బడికి తెచ్చుకుని, డబ్బా మూత సగమే తీసి తినేదాన్ని.

నాకు అది ఇంట్లో చేసుకోవాలని ఉంది. అమ్మ పోయిన ఈ నాలుగేళ్ళలో నేను ఒక్కసారి కూడా పెద్దకూర వండలేదని అక్కడ కూర్చున్నాకే గుర్తొచ్చింది. నువ్వు చేసే పద్ధతి మొత్తం రాయి. ఏ కండ తేవాలి, బెల్లం ఎప్పుడు వేయాలి, మాడకుండా ఎలా చూసుకోవాలి, అన్నీ.

ఇల్లు బాగుంది. కింద ఉండే ఇంటి ఓనరు నాగేంద్రబాబు గారు మిర్చి యార్డులో వ్యాపారి. ఆయన భార్య జ్యోతిర్మయి గారు ఆదివారం మటన్ వండితే నాకో గిన్నె పంపుతారు. మొన్న నాకు జ్వరమొస్తే మూడు రోజులు జావ కాచి ఇచ్చారు.

నీ కూతురు,
ఎస్తేరు.


చీమకుర్తి,
25 జూన్ 2024.

అమ్మా ఎస్తేరూ,

దేవుని దయవల్ల బాగున్నాను. ఉత్తరం అందింది. జ్వరం సంగతి తగ్గాక రాశావు. ఇక మీదట ముందే రాయి.

ఇక్కడ ఎండ తగ్గలేదు. లారీల దుమ్ము తగ్గలేదు. ఎదురింటి కోటేష్ రోజూ పేపరు తెచ్చి ఇస్తున్నాడు. చర్చి రేకులు మార్చారు.

నువ్వు అడిగింది రాయను. కోడిమాంసానికి కూడా ఆ బెల్లం పులుసు బాగుంటుంది. చింతపండు చిక్కగా పిసికి, బెల్లం కరగబెట్టి, వెల్లుల్లి దంచి వేసుకో. కోడికైతే ఎవరూ ఏమీ అనరు.

పెద్దకూర ఆ ఇంట్లో వద్దు. మంచి మనుషులని రాశావు. వాళ్ళను మంచిగానే ఉండనీ. తినాలనిపిస్తే సెలవులకి ఇక్కడికి రా. నేనే కాల్చి పెడతాను. ఇక ఈ సంగతి రాయవద్దు.

దీవెనలతో,
నాన్న.


గుంటూరు,
7 జూలై 2024.

నాన్నకు వందనాలు.

రాయవద్దన్న సంగతే రాస్తున్నాను. కోప్పడితే ఉత్తరం మడిచి పెట్టేసి, కోపం తగ్గాక చదువు.

నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. నా సంపాదనతో నేను అద్దె కట్టుకుంటున్నాను. లైసెన్సున్న కొట్లో, పట్టపగలు, అందరూ కొనే చోట కొనుక్కొచ్చి నా పొయ్యి మీద నేను వండుకుంటే అది దొంగతనం ఎలా అవుతుంది? ఇల్లు ఇచ్చేటప్పుడు నాన్‌వెజ్ వండుకోవచ్చనే చెప్పారు. వాళ్ళూ వండుతారు. పొట్టేలు మెడ కోస్తే లేని పాపం గేదె దగ్గరికొచ్చేసరికి ఎక్కణ్ణుంచి వచ్చింది? కోడికైతే ఎవరూ ఏమీ అనరని రాశావు. అనకుండా ఉండటం కోసం నేను కోడి తినాలా?

ఇంకొకటి అడుగుతాను. నేను ఒకటో తరగతిలో ఉన్నప్పుడు మనం ఒంగోలులో అద్దెకుండేవాళ్ళం. ఒకరోజు అమ్మ నన్ను రోడ్డు పక్కన మెట్ల మీద కూర్చోబెట్టి, ఒళ్ళో గిన్నె పెట్టుకుని అన్నం కలిపి తినిపించింది. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. అమ్మ ఎవరినీ చూడలేదు. ముద్ద తర్వాత ముద్ద నా నోట్లో పెడుతూనే ఉంది. మర్నాడే మనం చీమకుర్తి వచ్చేశాం. పని అక్కడికి మారింది కాబట్టి ఇల్లు మారామని నువ్వు చెప్పేవాడివి. అమ్మను ఎప్పుడు అడిగినా, మీ నాన్నను అడుగు అనేది. ఇప్పుడు అడుగుతున్నాను.

ఎస్తేరు.


చీమకుర్తి,
20 జూలై 2024.

అమ్మా ఎస్తేరూ,

నీ ఉత్తరానికి జవాబు నాలుగుసార్లు మొదలుపెట్టి చించాను. ఇది పంపిస్తాను.

పని మారలేదు. మనల్ని ఖాళీ చేయించారు.

నిన్ను ఇంగ్లీషు బడిలో వేయాలని మీ అమ్మ పట్టుబడితే ఒంగోలులో ఇల్లు తీసుకున్నాం. ఇంటివాళ్ళు మనమెవరో అడగలేదు, మనం చెప్పలేదు. మీ అమ్మకి ఆ దాపరికం మొదటినుంచీ ఇష్టం లేదు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ నేనే పెద్దకూర తెచ్చాను. తలుపులు వేసి వండమన్నాను. ఆమె వేయలేదు. వేస్తే ఉక్కపోస్తుందంది.

వాసన వల్ల కాదు వాళ్ళకి తెలిసింది. పక్కవాటా ఆవిడ కొట్టు దగ్గర నన్ను చూసిందట. ఇంటి ఓనరు వచ్చాడు, వాళ్ళ అమ్మ వచ్చింది, వీధిలో పదిమంది పోగయ్యారు. పొయ్యి మీద ఏముంది జక్రయ్యా అని అడిగాడు. పొట్టేలు మాంసమండీ అన్నాను. మీ అమ్మ నా పక్కనే నిలబడి ఉంది. మళ్ళీ అడిగాడు. పొట్టేలు మాంసమేనండీ, కావాలంటే బైబిలు మీద ఒట్టేస్తానన్నాను. అప్పుడు మీ అమ్మ లోపలికి వెళ్ళి గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది. అది పొట్టేలు మాంసం కాదు అంది. అంతే అంది. నీ చెయ్యి పట్టుకుని మెట్ల మీదికి వెళ్ళి నీకు అన్నం పెట్టింది.

నేను లోపల సామాను సర్దాను. వారం రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ, ఆ మాట ఎత్తలేదు. పోయేవరకూ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

నీకు వద్దని చెప్పింది నీకోసం అనుకున్నాను. రాస్తుంటే తెలుస్తోంది, నాకోసమే చెప్పాను.

ఇప్పుడు నువ్వడిగింది రాస్తాను. వెన్నెముకకి లోపలివైపు ఆనుకుని ఉండే కండ అడుగు. అది మెత్తగా ఉంటుంది. రెండు వేళ్ళ మందాన, కండ పోగులకి అడ్డంగా కోయించు. దొరక్కపోతే తొడ కండ తెచ్చి పచ్చి బొప్పాయి గుజ్జు రాసి అరగంట ఉంచు. ఎక్కువసేపు ఉంచితే పిండిలాగా అయిపోతుంది. ఉప్పు రాసి, వండే ముందు గుడ్డతో తడి బాగా అద్ది తీసేయ్. తడి ఉంటే ఉడుకుతుంది గానీ కాలదు. నేను క్వారీలో పనికిరాని పలక మీద చేసేవాణ్ణి. నీకు ఇనప పెనం చాలు. పొగ వచ్చేదాకా కాలనిచ్చి ముక్క వేయి. వేశాక కదపకు. అదే పెనం వదులుతుంది. అప్పుడు తిప్పు.

బెల్లం, చిక్కటి చింతపండు పులుసు, దంచిన వెల్లుల్లి, వేయించి కచ్చాపచ్చాగా నూరిన ఎండుమిరప, మిరియాలు వేరే గిన్నెలో దగ్గరికి రానీ. గరిటెకి అంటుకుని జారాలి. ముక్క దించే ముందు మాత్రమే పూయి. ముందే పూస్తే బెల్లం మాడి చేదెక్కుతుంది. దించాక కాసేపు ఆగి కోయి. వెంటనే కోస్తే రసమంతా పళ్ళెంలోకి పోతుంది.

కిటికీల సంగతి నీ ఇష్టం.

నాన్న.


గుంటూరు,
4 ఆగస్టు 2024.

నాన్నకు వందనాలు.

నీ ఉత్తరం చదివి కోపం రాలేదు. సిగ్గేసింది, అదీ నా గురించి. నేనూ నీకు ఒకటి చెప్పలేదు.

ఈ ఇల్లు చూడటానికి వచ్చినప్పుడు నాగేంద్రబాబు గారు పేరడిగితే రాణి అన్నాను. ఎస్తేరు రాణిలో సగం మింగేశాను. మీరేమిట్లమ్మా అని కులం అడిగితే టీచర్నండీ అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. బైబిలు వాక్యం ఉన్న క్యాలెండర్ బీరువా లోపల వేలాడదీశాను. రెండేళ్ళుగా ఆదివారం చర్చికి వెళ్తూ, ట్యూషన్‌కని చెబుతున్నాను. నిన్ను ఎవరో నిలదీసి అడిగితే అబద్ధమాడావు. నన్ను ఎవరూ నిలదీయకుండానే ఆడాను.

అందుకని వండాక తెలియడం వద్దనుకున్నాను. శనివారం సాయంత్రం కిందికి వెళ్ళాను. జ్యోతిర్మయి గారు కరివేపాకు దూస్తున్నారు. నేనూ కూర్చుని దూస్తూ, నా పూర్తి పేరు చెప్పాను. మాది చీమకుర్తి మాలపల్లె అని చెప్పాను. రేపు పెద్దకూర వండుకుంటున్నానని కూడా చెప్పాను. ఆవిడ చేతిలో రెమ్మ పక్కన పెట్టేశారు.

"చెప్పకుండా వండుకుంటే పోయేది కదమ్మా," అన్నారు.

"దాచి తినడం నాకు ఇక చేతకాదండీ."

"మావాడూ బెంగుళూరులో తింటాడు. హోటల్లో తింటే అది వేరు, ఇంట్లో వండితే వేరు."

ఎలా వేరో నేను అడిగాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, నాకు తెలియదమ్మా, కానీ వేరు అన్నారు. నాకు ఆవిడ మీద కోపం రాలేదు. ఆవిడ నిజంగానే ఆలోచించారు.

ఆదివారం యాస్మిన్‌ని పిలిచాను. తనే కొట్టుకి తీసుకెళ్ళి కండ చూసి కోయించింది. మొదటి ముక్క పాడైంది. నువ్వు రాసినా వినకుండా బెల్లం ముందే పూశాను. పెనమంతా నల్లటి పెంకు కట్టింది. కడిగి, రెండోది నీ మాట ప్రకారం చేశాను. పెనం వదిలేదాకా కదపలేదు. చివర్లో పులుసు పూస్తే ఒక్కసారి బుసబుస పొంగి, అంతలోనే అద్దంలా అతుక్కుంది. వాసన మొత్తం మేడ దిగి వీధిలోకి పోయింది. కిటికీలన్నీ తీసే ఉంచాను నాన్నా. యాస్మిన్ మొదటి ముక్క తిని వెంటనే రెండోది తీసుకుంది. హోటల్‌ది తీపి ఎక్కువ, దీనికి కారం ఉంది అంది. గుంటూరులో చేసిన కూరకి కారం ఉండక ఏముంటుంది?

సాయంత్రం నాగేంద్రబాబు గారు మెట్లెక్కి వచ్చారు. గొంతు పెంచలేదు. నెలాఖరుకి వేరే ఇల్లు చూసుకోమన్నారు. ఎందుకో చెప్పమన్నాను. నీకు తెలుసు కదమ్మా అన్నారు. మీ నోటితో చెప్పండి అన్నాను. చెప్పకుండానే దిగి వెళ్ళారు.

బాధగా ఉంది. భయంగా మాత్రం లేదు.

ఎస్తేరు.


చీమకుర్తి,
12 ఆగస్టు 2024.

నాగేంద్రబాబు గారికి,

చీమకుర్తి నుంచి జక్రయ్య రాస్తున్నాను. మీ మేడ మీద అద్దెకుంటున్న ఎస్తేరు రాణి నా కూతురు. ఈ ఉత్తరం నకలు ఆమెకీ పంపుతున్నాను.

మీరు నిన్న ఫోన్ చేశారు. నాకు వినపడదు కాబట్టి ఎదురింటి కోటేష్ మాట్లాడి నాకు రాసి చూపించాడు. ఇక మీదట ఆ మాంసం తేనని అమ్మాయి ఒక్క మాట అంటే ఉండనిస్తామనీ, జరిగింది మీరు ఎవరికీ చెప్పబోమనీ, తండ్రిగా నన్ను నచ్చజెప్పమనీ అన్నారు.

మీరు మంచి మనసుతోనే అన్నారు. అమ్మాయికి జ్వరమొస్తే మీ ఇంటావిడ జావ కాచి ఇచ్చారు. దానికి నా దండాలు చెప్పండి. కానీ నేను నచ్చజెప్పను.

మీ వంటగది గట్టుకి చీమకుర్తి నల్లరాయి పరిచారని అమ్మాయి చెప్పింది. అలాంటి రాయి తొలిచే నా చెవులు పోయాయి. ఆ గట్టు మీదే మీరు మాంసం తరుగుతారు. మా చేతుల్లోంచి వచ్చిన రాయి మీ వంటింట్లో ఉంది, దానికి అభ్యంతరం లేదు. మా అమ్మాయి తన పొయ్యి మీద వండుకున్న కూరకి వచ్చింది.

మీ ఇల్లు మీది. ఖాళీ చేయమంటే చేస్తుంది. తప్పు చేశానని మాత్రం అనదు. ఎవరికీ చెప్పబోమన్నారు, మేము దాచమని అడగలేదు.

సామాను ఎక్కించడానికి ఆగస్టు ఇరవై ఐదున నేను వస్తాను.

ఇట్లు,
జక్రయ్య.


పెదకాకాని రోడ్డు, గుంటూరు,
8 సెప్టెంబర్ 2024.

నాన్నకు వందనాలు.

నువ్వు బస్సెక్కిన దగ్గర్నుంచీ రాయాలనుకుంటున్నాను. ఆరోజు నువ్వు అక్కడే ఉన్నావు గానీ చుట్టూ ఏం మాట్లాడారో నీకు వినపడలేదు. అందుకని మొత్తం రాస్తున్నాను.

నువ్వు ఆటోకి తాడు కడుతున్నప్పుడు ఎదురింటి రిటైర్డ్ టీచర్ బాలసరస్వతి గారు గేటు దగ్గరికి వచ్చి, అమ్మాయి ఎందుకు వెళ్ళిపోతోందని నాగేంద్రబాబు గారిని అడిగారు. పెళ్ళి కుదిరిందండీ, అందుకే అన్నాడాయన. నేను మెట్ల మీద బుట్ట పట్టుకుని ఉన్నాను. ఆ క్షణంలో నాకు నోరు రాలేదు నాన్నా. అంత పౌరుషంగా ఉత్తరాలు రాసినదాన్ని, పెళ్ళి అనగానే, పోనీలే, గొడవ లేకుండా పోతుంది అనుకున్నాను. ఒక్క నిమిషమే. కానీ అనుకున్నాను.

ఆవిడ నీ దగ్గరికి వచ్చి, పెళ్ళి ఎప్పుడండీ అని చేతులతో తాళి కట్టినట్టు చూపించారు. నువ్వు నా వైపు చూశావు. నేను తల అడ్డంగా ఊపాను. నువ్వు తాడు వదిలేశావు.

"పెళ్ళి కాదమ్మా. మా అమ్మాయి ఇంట్లో పెద్దకూర వండుకుంది. అందుకని పొమ్మన్నారు. పొట్టేలు మాంసం కాదు. పెద్దకూరే."

నువ్వు ఎంత గట్టిగా చెప్పావో నీకు తెలియదు. వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర యలమంద పెట్టె కింద పెట్టి ఇటు చూశాడు. పై మేడల్లో జనం బాల్కనీల్లోకి వచ్చారు. ఒకాయన మాత్రం కిటికీ మూసుకున్నాడు. నాగేంద్రబాబు గారు నేల చూపులు చూస్తూ, మెల్లగా మాట్లాడమని నీకు చేత్తో చూపించాడు. నువ్వు ఆయన వైపు తిరిగి, నాకు మెల్లగా రాదండీ అన్నావు.

బాలసరస్వతి గారు అప్పుడు ఆయనతో అన్నారు: "పంపేస్తే పంపేశావు. పెళ్ళని ఎందుకు చెప్పావు బాబూ? చెప్పుకోలేని పని చేయడం దేనికి?" ఆవిడ శాకాహారి, ఉల్లిపాయ కూడా తినరు. అయినా అన్నారు. ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. నువ్వు మళ్ళీ తాడు కట్టుకోవడం మొదలుపెట్టావు. యలమంద వచ్చి ఫ్రిజ్ రెండోవైపు పట్టుకున్నాడు. నీకు గుర్తుండే ఉంటుంది, తెల్ల గళ్ళ చొక్కా అతను. ఎత్తి ఆటోలో పెట్టి వెళ్ళాడు.

జ్యోతిర్మయి గారు తలుపు వెనక నిలబడి ఉన్నారు. చెప్పి వెళ్దామని వెళ్తే నా మొహం చూడలేదు. అది ఇంకా బాధపెడుతూనే ఉంది. ఆవిడ కాచిన జావ తాగాను. అబద్ధం చెప్పి ఉంటే ఇప్పటికీ ఆవిడ చేతి మటన్ తింటూ ఉండేదాన్ని. అయినా నాకు అలాంటి ఇల్లు వద్దు.

ఈ ఇల్లు యాస్మిన్ వాళ్ళ పిన్ని ఖుర్షిదా గారిది. తలుపు తీయగానే గుమ్మంలో నిలబడే నా పేరు, ఊరు, ఏం వండుతానో అన్నీ చెప్పేశాను. ఆవిడ ఆశ్చర్యపోయి, మోటారు ఉదయం ఆరింటికి వేస్తాం, నీళ్ళు అప్పుడే పట్టుకోవాలి, మిగతాదంతా నీ ఇష్టం అన్నారు. క్యాలెండర్ హాల్లో తగిలించాను. ఒక గది తక్కువ, బడికి రెండు ఆటోలు మారాలి. పర్వాలేదు.

ఆరోజు నువ్వు ఆ మాట అంటున్నప్పుడు అమ్మ ఉంటే బాగుండేదనిపించింది.

నీ కూతురు,
ఎస్తేరు.


చీమకుర్తి,
15 సెప్టెంబర్ 2024.

అమ్మా ఎస్తేరూ,

ఉత్తరం రెండుసార్లు చదివాను. వీధంతా వినపడేలా చెప్పానని రాశావు. నేను మామూలుగానే చెప్పాననుకున్నాను. వాళ్ళంతా ఎందుకు బయటికొచ్చారో నాకు అర్థం కాలేదు. ఆటో అడ్డంగా పెట్టామేమో అనుకున్నాను.

ఒక్క నిమిషం ఊరుకున్నావని బాధపడకు. నేను ఇరవై మూడేళ్ళు ఊరుకున్నాను.

ఒంగోలులో ఆరోజు నా చెవులు బాగానే పనిచేసేవి. వీధిలో ఎవరు ఏమనుకుంటున్నారో, ఎవరు నవ్వారో, ఎవరు గొణిగారో అంతా వినపడింది. వింటూ వింటూ అబద్ధమాడాను. ఇప్పుడు ఎవరేమన్నా నాకు చేరదు. చేరేది నా మాటే.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కుతాను. ముక్కలు మందంగా కోయించు. యాస్మిన్‌ని, ఖుర్షిదా గారిని కూడా పిలువు. మొదటి ముక్క మాడ్చిన పెనం మళ్ళీ దారికి రావాలంటే నూనె రాసి రెండు రోజులు ఉంచాలి. అది ఈరోజే చేయి.

దీవెనలతో,
నాన్న.